టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య: చలికాలపు సైకిలు పనితనం

బ్రిటన్‌లో రోడ్డు సైకిలు పందేల మీద మోజున్నవాళ్ల ఇళ్లలో తరచుగా రెండు సైకిళ్లు కనిపిస్తాయి. ఒకటి ఎండలు కాసే నెలలది: కార్బన్ ఫ్రేము, సన్నటి టైర్లు, ఏడెనిమిది కిలోల బరువు. రెండోది చలికాలపు సాధనకు. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుకునే వేళకు మొదటిది గోడ కొక్కేనికి ఎక్కుతుంది, రెండోది రోడ్డెక్కుతుంది. మళ్లీ వసంతం వచ్చేదాకా వానలో, బురదలో, ఉప్పునీళ్లలో తిరిగేది ఇదే. దుకాణాల అద్దాల వెనక దీపాల కింద నిలబెట్టేది మొదటిదాన్ని. పనివాడి చేతి గట్టితనం తెలుసుకోవాలంటే మాత్రం నేను రెండోదాని దగ్గరే వంగి చూస్తాను. ఎందుకంటే దానికి మడ్‌గార్డు పట్టాలి.

ఇది చిన్న విషయమనిపించవచ్చు. మన ఊళ్లలో పాల క్యాన్లు మోసిన సైకిలుకైనా, పోస్ట్‌మాన్ సైకిలుకైనా మడ్‌గార్డు లేకపోవడమన్నదే లేదు. పందెం సైకిలు సంగతి వేరు. అందులో టైరును ఫ్రేముకు వీలైనంత దగ్గరగా జరుపుతారు. వెనక టైరుకూ సీటు గొట్టానికీ మధ్య చిటికెన వేలు కూడా దూరదు. బ్రేకు కింద నాలుగైదు మిల్లీమీటర్ల సందు మిగిలితే ఎక్కువ. అలాంటి ఫ్రేముకు తర్వాత మడ్‌గార్డు తగిలిద్దామంటే చోటెక్కడిది? కాబట్టి మంచి చలికాలపు సైకిలు అంటే, కాగితం మీద గీత గీసేటప్పుడే ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో తేల్చుకుని కట్టిన సైకిలు. దాని పనితనమంతా ఆ ఖాళీలోనే ఉంది.

నీళ్ల దారి

బ్రిటన్ చలికాలంలో చలి కంటే తడి ఎక్కువ బాధపెడుతుంది. డిసెంబరులో లండన్‌కు దక్కే పగలు ఎనిమిది గంటలే. ఆ నీరెండకు రోడ్డు ఆరదు. పల్లెదారుల్లో ట్రాక్టర్లు పొలం మట్టిని తారు మీదికి లాక్కొస్తాయి. రాత్రి మంచు పేరుకుంటుందనుకుంటే లారీలు వచ్చి రాతి ఉప్పు చల్లిపోతాయి. ఆ ఉప్పులో పెద్ద వాటా చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిది. 1844లో మొదలైన గని అది. ఉప్పు, ఇసుక, మట్టి, పేడ కలిసిన నీరు నెలల తరబడి చక్రం కింద ఉంటుంది.

ఆ నీరు ఎక్కడికి పోతుందో తెలిస్తే మడ్‌గార్డు ఆకారం దానంతట అదే అర్థమవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న సైకిలులో, ఫ్రేము నుంచి చూస్తే టైరు అంచు సెకనుకు 8 మీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంటుంది. టైరును వదిలిన నీటిబొట్టు ఆ క్షణంలో అంచు ఎటు కదులుతోందో అటే ఎగురుతుంది. వెనక చక్రం వెనక అంచు నుంచి నిలువుగా లేచిన బొట్టు, గాలి అడ్డు లేకపోతే, మూడున్నర మీటర్ల ఎత్తుకు పోగలదు. వీపు తడవడానికి అందులో మూడో వంతు చాలు. ముందు చక్రం నీళ్లు ఫ్రేము కింది గొట్టాన్ని కొట్టి, బూట్ల మీదుగా జారి, పెడళ్ల ఇరుసు ఉన్న గూట్లోకీ చైను మీదికీ చేరతాయి. ఐదారు డిగ్రీల చలిలో పాదాలు తడిస్తే మూడు గంటల సాధన గంటకే ముగుస్తుంది. చలికాలంలో ఎక్కువ రోజులు తొక్కగలిగినవాడే వసంతంలో గట్టిగా ఉంటాడు కనుక, మడ్‌గార్డు కూడా సాధన పరికరమే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆదివారం ఉదయం క్లబ్బు సభ్యులు ఇద్దరిద్దరుగా వరసకట్టి, ముందువాడి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని పోతారు. ముందువాడు గాలిని చీలిస్తే వెనకవాడికి శ్రమ తగ్గుతుంది. మడ్‌గార్డు లేని చక్రం వెనక ఉన్నవాడికి మాత్రం మొహం నిండా బురదే. అందుకే చలికాలంలో మడ్‌గార్డు లేకుండా తమ వరసలోకి రావద్దని చాలా క్లబ్బులు చెబుతాయి. వెనక రేకు చివర నేలకు దగ్గరగా వేలాడే రబ్బరు ముక్క కూడా ఉండాలంటాయి. తన వీపు తడవకుండా ఉండటానికి పొట్టి రేకు చాలు. వెనకవాడి మొహం తడవకూడదంటే పొడవాటిది కావాలి. చలికాలపు సైకిలులో అన్ని కొలతలూ తొక్కేవాడి కోసమైతే ఈ ఒక్క కొలతా పక్కవాడి కోసం.

రెండు అడ్డగొట్టాలు

ఒక మంచి ఉక్కు ఫ్రేమును చక్రాలు తీసేసి, తలకిందులుగా బల్ల మీద పెట్టుకుని చూద్దాం. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు జతల సన్నటి గొట్టాలుంటాయి. పెడళ్ల గూటి నుంచి వెనక ఇరుసుకు పోయేవి చెయిన్‌స్టేలు. సీటు కింది నుంచి అదే ఇరుసుకు దిగేవి సీట్‌స్టేలు. ఒక్కో జతను కలుపుతూ వేలెడంత అడ్డగొట్టం ఒకటి ఉంటుంది. మడ్‌గార్డు వెనక ఆనేది ఈ రెండింటికే.

ఇరుసు కూర్చునే గాడి నుంచి ఈ రెండు అడ్డగొట్టాలకూ ఉన్న దూరాన్ని కొలవండి. రెండు కొలతలూ ఒకటే అయితే ఆ ఫ్రేము కట్టినవాడికి పని తెలుసు. మడ్‌గార్డు వంపు చక్రంతో పాటు ఇరుసునే కేంద్రంగా చేసుకున్న వంపు. అడ్డగొట్టాలు రెండూ ఆ కేంద్రానికి సమాన దూరంలో ఉంటే రేకు నేరుగా వచ్చి రెండింటి మీదా ఆనుతుంది, టైరు పొడవునా సందు ఒకేలా ఉంటుంది. చాలా ఫ్రేముల్లో కింది అడ్డగొట్టం పెడళ్ల గూటి దగ్గరికి జరిగిపోయి ఉంటుంది. అక్కడ ఏర్పడిన దూరాన్ని పూడ్చడానికి బిగించేవాడు వాషర్లో, రబ్బరు ముక్కలో, సీసా బిరడా కోసిన ముక్కో పేర్చాలి. ఏదీ పేర్చకుండా రేకునే లాగి బిగిస్తే అది ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది. గతుకు పడ్డప్పుడల్లా బోల్టు చుట్టూ అదురుతూ అదురుతూ ఒకనాటికి నెర్రె విడుస్తుంది. బోల్టు పెట్టకముందే రేకు తన చోట తాను నిలబడాలి, బోల్టు దాన్ని కదలకుండా పట్టుకోవడానికే ఉండాలి. మడ్‌గార్డు బిగించడంలో మొదటి సూత్రం ఇది. దాన్ని సాధ్యం చేసేది ఫ్రేము కట్టినవాడు.

ఇంకా దగ్గరికి వెళ్దాం. అడ్డగొట్టంలో మరలు తీసిన ఒక చిన్న రంధ్రం ఇరుసు వైపు చూస్తుంటుంది. ఇందులో దిగేది 5 మిల్లీమీటర్ల బోల్టు. దాని మరకూ మరకూ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లు. అడ్డగొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరే అనుకోండి, అందులో నేరుగా మరలు తీస్తే బోల్టుకు దొరికే పట్టు ఒక చుట్టు కంటే కాస్త ఎక్కువ. రెండు చలికాలాలు బిగించి విప్పితే ఆ మర పోతుంది. అందుకని పని తెలిసినవాడు ముందు ఒక చిన్న ఉక్కు బుడిపెను గొట్టంలో అడ్డంగా దూర్చి అతికి, మరలు ఆ బుడిపెలో తీస్తాడు. అప్పుడు పది చుట్లయినా పట్టు దొరుకుతుంది.

ఆ అతుకు కూడా చూడదగ్గదే. ఉక్కును కరిగించకుండా, దానికంటే తక్కువ వేడికి కరిగే లోహాన్ని సందులోకి పంపి అతికే పద్ధతి ఇది. ఇత్తడి అయితే 900 డిగ్రీల దగ్గర, వెండి కలిసిన మిశ్రమం అయితే 650 దగ్గర కరుగుతుంది. రెండు ముక్కల మధ్య సందు మిల్లీమీటరులో పదో వంతును మించకపోతే, కరిగిన వెండి వత్తిలోకి నూనె పాకినట్టు తనంతట తానే లోపలికి పాకుతుంది. సందు ఎక్కువైతే పాకదు, ముద్ద కట్టి బయటే ఆగిపోతుంది. రంగు కింద ఆ అతుకు అంచు సన్నటి గీతలా నునుపుగా కనిపించిందంటే, మంట వెలిగించకముందే ఆకురాయితో జరిగిన పని సరిగ్గా జరిగిందన్నమాట. సైకిలు కొన్న తర్వాత ఎవరూ వంగి చూడని చోట, రేకు కింద దాగిపోయే చోట, ఇంత శ్రద్ధ పెట్టిన చేతికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ఎనిమిది మిల్లీమీటర్లు

ముందు వైపు కథ బ్రేకుతో మొదలవుతుంది. రిమ్మును పట్టుకునే బ్రేకుల్లో, బిగించే బోల్టు నుంచి బ్రేకు రబ్బరు దాకా ఉండే దూరాన్ని బట్టి రెండు రకాలు ముఖ్యం. పందెం సైకిళ్లకు వాడేది 39 నుంచి 49 మిల్లీమీటర్ల వరకు అందుతుంది. చలికాలపు సైకిళ్లకు వాడేది 47 నుంచి 57 వరకు. గరిష్ఠాల మధ్య తేడా ఎనిమిది మిల్లీమీటర్లే. ఆ ఎనిమిదిలోనే రేకు, దాని కింద గాలి, టైరు వెంట వచ్చే ఎండుటాకో చిన్న రాయో దూరి పోయే సందు అన్నీ సర్దుకోవాలి. 49 మిల్లీమీటర్ల బ్రేకుతో 25 మిల్లీమీటర్ల టైరు పెడితే రేకు దూరడమే గగనం. 57 ఉంటే 28 మిల్లీమీటర్ల టైరు, దానిపైన రేకు హాయిగా పడతాయి.

బ్రేకు చేతులు పొడవైతే పట్టు కొంచెం మెత్తబడుతుంది. నిర్మాతలు ఆ నష్టానికి ఒప్పుకున్నారు. అసలు నష్టం మరోచోట ఉంది. ఉప్పు, ఇసుక అంటిన బ్రేకు రబ్బరు ప్రతి నొక్కుకూ రిమ్మును అరగదీస్తుంది. డిస్క్ బ్రేకు వచ్చాక ఈ రెండు చిక్కులూ తీరాయి. టైరు మీద బ్రేకే లేదు కనుక ఎంత ఖాళీ కావాలంటే అంత వదలవచ్చు. కానీ ఇక్కడా పనితనం పరీక్షకు నిలబడాల్సిందే. డిస్క్ బ్రేకును సీట్‌స్టే వెనక బయటికి పొడుచుకొచ్చేలా పెడితే, మడ్‌గార్డును పట్టే చువ్వ దానికి అడ్డం తగులుతుంది. అప్పుడు చువ్వను వంకర తిప్పాలి, లేదా పొడవాటి స్పేసరు పెట్టి దూరం జరపాలి. ఆలోచించి కట్టినవాడు బ్రేకును చెయిన్‌స్టే మీద, రెండు జతల గొట్టాల మధ్య మూలలో కూర్చోబెడతాడు. చువ్వ తిన్నగా పోతుంది.

చువ్వ చివర బిగిసేది ఇరుసు గాడి పక్కన ఉండే చిన్న చెవికి. ఒక్కో పక్క రెండేసి చెవులుంటే మరీ మంచిది, ఒకటి మడ్‌గార్డుకు, ఒకటి సామాను స్టాండుకు. చైను వైపున్న చెవిని ప్రత్యేకంగా చూడాలి. బోల్టు చివర లోపలికి పొడుచుకొస్తే అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం మీద చైను దానికి రాసుకుంటుంది.

పాత క్లబ్బు మనుషులు చలికాలంలో గేర్లు తీసేసి, పెడల్ ఆపితే చక్రం కూడా ఆగే ఫిక్స్‌డ్ సైకిలు తొక్కేవాళ్లు. అందులో చైను బిగువు కోసం చక్రాన్ని ముందుకూ వెనక్కూ జరపాలి. ట్రాక్ సైకిలులో గాడి వెనక్కి తెరుచుకుంటుంది. మడ్‌గార్డు ఉంటే చక్రాన్ని వెనక్కి లాగలేం, రేకు అడ్డం. అందుకని రోడ్డు ఫిక్స్‌డ్ ఫ్రేముకు గాడిని ముందుకు తెరుచుకునేలా పెట్టారు. పంక్చరైనప్పుడు చక్రం ముందుకు జారి కిందికి దిగుతుంది, రేకు జోలికి పోనక్కర్లేదు. చీకటి పడుతున్న దారిలో చేతులు కొంకర్లు పోయినవాడి ఇబ్బందిని ముందే ఊహించిన గాడి అది.

ఉక్కు, అల్యూమినియం

బర్మింగ్‌హామ్‌లో మేకులు చేసే కుటుంబానికి చెందిన ఆల్ఫ్రెడ్ రేనాల్డ్స్ 1897లో ఒక గొట్టానికి పేటెంటు తీసుకున్నాడు. బయటి నుంచి చూస్తే అంతా ఒకే లావు. లోపల మాత్రం చివర్లలో గోడ దళసరి, నడుమ పలచన. అతుకు పడి వేడి తగిలే చోట బలం, మిగతా పొడవంతా తేలిక. 1935లో రేనాల్డ్స్ సంస్థ 531 అనే మాంగనీస్, మాలిబ్డినం కలిసిన ఉక్కును తెచ్చింది. ఆ అంకె ఉన్న స్టిక్కరు కొన్ని తరాల పాటు బ్రిటిష్ క్లబ్బు సైకిలుకు గుర్తుగా నిలిచింది. లీడ్స్‌లో 1935లో మొదలైన బాబ్ జాక్సన్, డర్బీలో 1946లో మొదలైన మెర్షియన్ వంటి కార్ఖానాలు ఇలాంటి గొట్టాలతోనే పేరు తెచ్చుకున్నాయి.

ఈ కథ మన దాకా కూడా వచ్చింది. 1928లో రేనాల్డ్స్‌ను ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే బ్రిటిష్ సంస్థ కలుపుకుంది. అదే సంస్థ మురుగప్ప కుటుంబంతో చేతులు కలిపి 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్‌ను నెలకొల్పింది. మన తాతల కాలపు హెర్క్యులిస్ సైకిళ్లు వచ్చింది అక్కడి నుంచే.

ఉక్కుకు తుప్పు భయం ఉంది. గొట్టాలు అతికేటప్పుడు వేడిగాలి బయటికి పోవడానికి వదిలిన సన్న రంధ్రాల గుండానే తర్వాత నీరు లోపలికి పోతుంది. లోపలికి మైనం లాంటి పూత కొట్టడం, పెడళ్ల గూటి అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రం వదలడం దీనికి మందు. అల్యూమినియం అలా తుప్పు పట్టదు. అయితే ఉక్కు బోల్టు అల్యూమినియాన్ని తాకే చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది, బోల్టు విప్పలేనంతగా పట్టేస్తుంది. అందుకే ప్రతి మరకూ కాస్త గ్రీజు. సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే సీట్‌పోస్టును ఏటా ఒకసారైనా బయటికి తీసి తుడిచి మళ్లీ దింపాలి.

లండన్‌లో 1948లో మాంటీ యంగ్ మొదలుపెట్టిన కాండర్ దుకాణం అమ్మే ఫ్రాటెల్లో, జెనెసిస్ వారి ఈక్విలిబ్రియం అనే చలికాలపు సైకిళ్లు ఉక్కు సంప్రదాయాన్ని నడిపించాయి. 1897 నాటి రిబుల్ సంస్థ అమ్మిన 7005 రకం అల్యూమినియం సైకిలు, కినెసిస్ రేస్‌లైట్, డోలన్ ప్రెఫిసియో తక్కువ ధరలో అదే అవసరం తీర్చాయి. పందెం సైకిలు మీద కూర్చున్న తీరు చెడకుండా మడ్‌గార్డుకు చోటివ్వడం వీటన్నిటి లక్ష్యం.

రేకు

ఇప్పుడు మడ్‌గార్డునే చేతిలోకి తీసుకుందాం. జర్మనీలోని సుండెర్న్‌కు చెందిన ఎస్‌కేఎస్ సంస్థ చేసేది బ్రిటన్‌లో ఎక్కువగా కనిపిస్తుంది. పలచటి అల్యూమినియాన్ని ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి అదిమిన రేకు అది. వంచితే వంగుతుంది, వదిలితే తన వంపులోకి తాను వస్తుంది. కావెంట్రీ దగ్గర వోల్‌స్టన్‌లో ఒకప్పుడు మడ్‌గార్డులు చేసిన బ్లూమెల్స్ పేరు ఇప్పుడు ఆ సంస్థ రేకుల మీదే నిలిచి ఉంది. జపాన్ హోంజో వాళ్ల అల్యూమినియం రేకులు అందంలో ఇంకో మెట్టు పైన ఉంటాయి. వాటి అంచులు లోపలికి మడిచి ఉంటాయి. రేకు లోపలి గోడను కొట్టిన నీరు పక్కల నుంచి కారకుండా ఆ మడతలో పట్టుబడి, కాలువ వెంట పోయినట్టుగా కిందికంటా పోయి నేల మీదే పడుతుంది.

ముందు రేకును పట్టే చువ్వల దగ్గర ప్రాణం కాపాడే ఏర్పాటు ఒకటుంది. టైరుకూ రేకుకూ మధ్య పుల్ల ఇరుక్కుంటే చక్రం దాన్ని లోపలికి లాక్కుంటుంది, రేకు మడత పడి చక్రం బిగుసుకుపోతుంది, తొక్కేవాడు హ్యాండిల్ మీదుగా పడతాడు. అందుకే ఎస్‌కేఎస్ ముందు చువ్వలు నేరుగా చెవికి బిగియవు. మధ్యలో ఒక చిన్న ప్లాస్టిక్ పట్టు ఉంటుంది. మామూలు అదురుకు అది ఊడదు, పుల్ల లాగిన బలానికి వెంటనే విడిపోతుంది. ఎంత బలానికి పట్టి ఉంచాలో, ఎంత బలానికి వదలాలో తూచి చేసిన ముక్క అది.

ఎంచుకునేటప్పుడు

ముందుగా ఎత్తుపొడవులు. పెడళ్ల గూటి నుంచి సీటు దాకా, సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉన్న దూరాలు ఎండాకాలపు సైకిలులో ఎంతో ఇందులోనూ అంతే ఉండాలి. ఐదు నెలలు వేరే తీరులో కూర్చుని సాధన చేసిన మోకాళ్లు వసంతంలో ఊరుకోవు. తర్వాత చెయిన్‌స్టే పొడవు. పందెం సైకిలులో 410 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఇక్కడ 420 అటూ ఇటూ ఉండటం మంచిది. వెనక రేకుకు సీటు గొట్టం దగ్గర చోటు దొరికేది అక్కడే.

తర్వాత సైకిలెక్కి, పెడల్‌ను ముందుకు అడ్డంగా పెట్టి హ్యాండిల్ తిప్పండి. బూటు మొన రేకుకు తగులుతుందేమో చూడండి. రేకు చక్రాన్ని పదిహేను మిల్లీమీటర్ల దాకా పెద్దది చేస్తుంది కనుక, టైరుకు తగలని బూటు దీనికి తగలవచ్చు. ఎంత టైరు పడుతుందని అడిగి ఊరుకోవద్దు, మడ్‌గార్డుతో పాటు ఎంత పడుతుందని అడగండి. రెండు జవాబులూ ఒకటి కావు. 28 మిల్లీమీటర్ల టైరుకు రేకు వెడల్పు కనీసం ఎనిమిది పది మిల్లీమీటర్లు ఎక్కువుండాలి, టైరుకూ రేకుకూ మధ్య సందు పది దాకా ఉండాలి. బరువు గురించి దిగులు వద్దు. సాధనలో కిలో రెండు కిలోలు ఎక్కువున్నా కాళ్లకు మేలే.

మన దగ్గర ఉప్పు చల్లరు. వానలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. హైదరాబాద్ రాండనీర్స్ లాంటి బృందాలతో 200, 300 కిలోమీటర్లు తొక్కేవాళ్లకు రుతుపవనాల రోజుల్లో ఎర్రమట్టి నీళ్లు ఇదే పాఠం చెబుతాయి. ఇక్కడి దుకాణాల్లో కనిపించే రోడ్డు సైకిలుకు మడ్‌గార్డు చెవులున్నాయా, అడ్డగొట్టంలో మర ఉందా అని వంగి చూడటం మనకూ అలవాటు కావాలి.

ఫ్రేము కట్టేవాడు మడ్‌గార్డు చేయడు. దాన్ని ఇంకెవరో చేస్తారు, మరెవరో బిగిస్తారు, దాని మేలు వెనక వచ్చే మనిషికి కూడా దక్కుతుంది. ఆ ముగ్గురినీ తలుచుకుని తన ఫ్రేములో సరిగ్గా కావలసినంత చోటు వదిలినవాడిదే నా దృష్టిలో గొప్ప పనితనం. డబ్బు పెట్టేముందు వెతకాల్సింది ఆ చోటునే. అది సరిగ్గా ఉన్న సైకిలులో మిగతా పని కూడా సరిగ్గానే ఉంటుందని నమ్మవచ్చు.